పైసలు పోయే దారిని ఇరుకు చేయడం: ఆన్‌లైన్ మోసాల నుంచి ఇంటిని కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

వడ్ల పైసలు, పత్తి పైసలు ఖాతాల్లో పడే నెలల్లో బ్యాంకు కౌంటరు ముందు రెండు రకాల జనం కనిపిస్తారు. పాస్‌బుక్కు ముద్రించుకొని, పడిన మొత్తాన్ని రెండుసార్లు చూసుకొని తృప్తిగా వెళ్లేవారు కొందరు. అదే పాస్‌బుక్కులో చివరి వరుస దగ్గర వేలు పెట్టి, "సార్, ఇది నేను తీయలే" అంటూ అక్కడే నిలబడిపోయేవారు మరికొందరు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాఖల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు, ఉద్యోగంలోని చివరి నాలుగైదేళ్లు ఈ రెండో రకం వారితోనే ఎక్కువగా గడిచాయి.

వారిలో చదువుకున్నవారూ ఉన్నారు, వేలిముద్ర వేసేవారూ ఉన్నారు. దాదాపు ప్రతి ఒక్కరూ చెప్పిన మాట ఒకటే: "అనుమానం వచ్చింది సార్, గప్పటికే పోయినయ్." అంటే తెలివి తక్కువై మోసపోయినవారు కాదు, తెలివి పనిచేయడానికి కావలసిన పది నిమిషాలు వారికి దొరకలేదు, అంతే. మోసగాడు చెప్పే కథ నెలకొకసారి మారుతుంది కాబట్టి కథలన్నిటినీ కంఠస్థం చేసి తప్పించుకోవాలనుకోవడం వృథా ప్రయాస. ఇంట్లోని పైసలు ఎక్కడ ఉన్నాయి, ఒక గంటలో ఎంత బయటికి పోగలదు అనే రెండు విషయాలు మాత్రం మన చేతిలో ఉంటాయి. కాలువ గట్టు తెగినప్పుడు ఎంత నీరు పోతుందన్నది గండి వెడల్పును బట్టి ఉంటుంది. ఈ మార్గదర్శిలోని పనుల్లో చాలావరకు ఆ గండిని ముందే ఇరుకు చేసే పనులు.

మొదటి పని: పెద్ద ఖాతాను స్మార్ట్‌ఫోన్ నుంచి విడదీయండి

మన దగ్గర చాలా ఇళ్లలో ఒకటే ఖాతా ఉంటుంది. వడ్ల పైసలు, సన్నాలకు క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనస్, పీఎం కిసాన్ కింద మూడు విడతలుగా వచ్చే 6,000 రూపాయలు, రైతు భరోసా, పంట రుణం అన్నీ అందులోనే పడతాయి. చాయ్ హోటల్లో పది రూపాయలకు చేసే స్కాన్ కూడా ఆ ఖాతా నుంచే పోతుంది. పండిన ధాన్యమంతా పోసిన కొట్టు తలుపును బజారు మీదికి తెరిచి పెట్టినట్టుంటుంది ఇది.

అందువల్ల రెండో ఖాతా ఒకటి తెరవండి. మీ పాత ఖాతా జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతా అయితే, అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఇవ్వరు కాబట్టి వేరే బ్యాంకులో తెరవాలి. ఈ కొత్త ఖాతాను మాత్రమే ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లకు కలిపి, అందులో వారం పది రోజుల ఖర్చుకు సరిపడా, అంటే మూడు నాలుగు వేలకు మించకుండా ఉంచండి. పాత ఖాతాను ఆ యాప్‌ల నుంచి తొలగించండి. యూపీఐ ద్వారా సాధారణంగా రోజుకు లక్ష రూపాయల వరకు పంపవచ్చు; ఆ పరిమితి చూసి భయపడవలసిన అవసరం, ఖాతాలో నాలుగు వేలే ఉన్నవారికి ఉండదు.

ఇంతటితో పని పూర్తి కాలేదు. పాత ఖాతాకు రిజిస్టర్ అయిన మొబైల్ నంబరు అదే స్మార్ట్‌ఫోన్‌లో ఉంటే, ఆ ఫోన్ దొంగ చేతిలోకి పోయిన రోజున ఓటీపీలు కూడా అతని చేతికే పోతాయి. పెద్ద ఖాతాకు ఇచ్చిన సిమ్‌ను బటన్ల ఫోన్‌లో, మనవాళ్లు చిన్న ఫోన్ అని పిలిచే దానిలో వేసి ఇంట్లోనే ఉంచడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే చవకైన రక్షణ. దొంగ యాప్ ఆ ఫోన్‌లోకి ఎక్కలేదు, స్క్రీన్ షేరింగ్ దానిలో సాగదు. కానీ ఆ సిమ్‌ను మరచిపోవద్దు: 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ దానిని రద్దు చేసి, తర్వాత ఆ నంబరును మరొకరికి ఇచ్చే వీలుంది. నెలకొకసారి దానినుంచి ఒక కాల్ చేయండి, రీఛార్జ్ ఆగకుండా చూసుకోండి.

ఏటీఎం కార్డు సంగతి త్వరగా ముగుస్తుంది. కార్డుతో ఆన్‌లైన్ కొనుగోళ్లు, విదేశీ లావాదేవీలు జరగకుండా ఆపుకొనే సౌకర్యం ప్రతి బ్యాంకూ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. బ్యాంకు యాప్‌లో గానీ శాఖలో గానీ ఆ రెండూ ఆపించండి. ఏటీఎంలో తీసుకోవడం మాత్రం మిగలనివ్వండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న పింఛనుదారులు ఇంకొక విషయం అడిగి తెలుసుకోవాలి. మొబైల్ బ్యాంకింగ్ ఉన్న ఖాతాలో డిపాజిట్‌ను ఫోన్ మీదనే రద్దు చేయవచ్చు, బ్యాంకు ముందే మంజూరు చేసి ఉంచిన (ప్రీ అప్రూవ్డ్) రుణాన్ని ఫోన్ మీదనే తీసుకోవచ్చు. అంటే ఫోన్ చిక్కినవాడు మీ దగ్గర ఉన్నదే కాక, లేనిది కూడా మీ పేరు మీద అప్పు తెచ్చి పట్టుకుపోగలడు. ఈ రెండు సదుపాయాలూ అవసరం లేకపోతే మొబైల్ బ్యాంకింగ్‌నే వద్దని శాఖలో అర్జీ రాసి ఇవ్వండి.

రెండో పని: వేలిముద్రకు తాళం, దానిలోని చిక్కు

ఓటీపీ లేకుండా, ఫోన్ లేకుండా, ఏటీఎం కార్డు లేకుండా పైసలు తీసే మార్గం ఒకటుంది. దానిని మనం రోజూ వాడుతూనే ఉంటాం. తండాలోనో గ్రామంలోనో బ్యాంకు తరఫున పైసలిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే, ఆ నంబరుకు కలిసిన ఖాతా నుంచి ఒక్కసారికి 10,000 రూపాయల వరకు ఇస్తారు. అచ్చంపేట, దేవరకొండ వైపు తండాల నుంచి బ్యాంకుకు రానూ పోనూ ఒక రోజు కూలి పోతుంది కాబట్టి ఇది నిజంగా మేలైన ఏర్పాటు. మేలైన ఏర్పాటు గనుకనే దొంగలూ దానిపై కన్ను వేశారు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల నుంచి వేలిముద్రలను సేకరించి, రబ్బరు ముద్రలుగా తయారు చేసి పైసలు తీసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి.

రబ్బరు ముద్ర కంటే ఎక్కువగా నేను చూసినది మరింత సాదా మోసం. ముసలామె వేలు పెడుతుంది, "సర్వర్ బిజీ ఉందమ్మా, మళ్లొకసారి పెట్టు" అంటారు, ఆమె మళ్లీ పెడుతుంది. ఖాతా నుంచి రెండుసార్లు పోతుంది, చేతికి ఒక్కసారే వస్తుంది. బ్యాంకు మిత్రల్లో నమ్మకంగా పనిచేసేవారే ఎక్కువమంది అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. అయినా వేలు పెట్టిన ప్రతిసారీ, లావాదేవీ జరిగినా జరగకపోయినా, యంత్రం నుంచి చీటీ రావాలి. ఆ చీటీ చేతికి ఇవ్వనిదే రెండోసారి వేలు పెట్టబోమని ఇంట్లో పెద్దవారికి నేర్పండి. ఆ రోజుకు చిన్న ఫోన్‌ను వెంట తీసుకుపోయి, దానికి వచ్చిన సందేశాన్ని అక్కడే ఎవరితోనైనా చదివించుకోవాలి.

ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ వేలిముద్రలకు, కంటిపాపకు తాళం వేసుకోవచ్చు. చాలా చోట్ల సలహా ఇక్కడితో ఆగిపోతుంది, మన ఇళ్లలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తాళం వేసిన వేలు రేషన్ దుకాణంలోనూ పనిచేయదు, పోస్టాఫీసులో పింఛను యంత్రం మీదా పనిచేయదు. సన్న బియ్యానికి పోయి ఖాళీ సంచితో తిరిగి వచ్చిన ముసలాయన ఇంటికి వచ్చి ఎవరిని తిడతాడో చెప్పనక్కర లేదు.

కాబట్టి మనిషిని బట్టి నిర్ణయించుకోండి. రేషన్ కార్డులో పేరున్న ఎవరో ఒకరు వేలు పెడితే బియ్యం ఇస్తారు గనుక, ఖాతాలో పెద్ద మొత్తం లేని ఒకరి వేలిని తాళం లేకుండా ఉంచి, భూమి పట్టా, పంట పైసలు ఎవరి పేరున ఉన్నాయో వారి వేలికి తాళం వేయండి. వారు రిజిస్ట్రేషన్‌కో, సిమ్ కార్డుకో పోయే రోజున తాత్కాలికంగా తాళం తీస్తే చాలు, కొద్దిసేపటికి అది తిరిగి పడిపోతుంది. పింఛను తీసుకునే ఒంటరి వృద్ధులకు మాత్రం తాళం కంటే, వారి ఆధార్‌కు కలిసిన ఖాతాలో పింఛను తప్ప మరే మొత్తమూ నిలవ ఉంచకపోవడం మంచిది. ఆధార్ వెబ్‌సైట్‌లో గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ సరిచూశారో కనిపించే పట్టిక ఉంటుంది. పండుగకు ఇంటికి వచ్చిన పిల్లలతో ఒకసారి దానిని చూపించుకోండి.

మూడో పని: ఫోన్‌లోకి వచ్చే దొంగ ఫైలును వాకిట్లోనే ఆపండి

ఊరి వాట్సాప్ గ్రూపులో తెల్లవారేసరికి ఒక ఫైలు కనిపిస్తుంది. పేరు పీఎం కిసాన్ అనో, ఆర్టీవో చలాన్ అనో, ఏదో బ్యాంకు రివార్డ్స్ అనో ఉంటుంది, చివర ఏపీకే అనే మూడు అక్షరాలు ఉంటాయి. పంపినది పరాయివాడు కాదు, మన పక్కింటి పిల్లవాడే. అతని ఫోన్ రాత్రే దొంగల చేతికి పోయిందని, ఆ ఫోనే తనంతట తాను గ్రూపులన్నిటికీ ఈ ఫైలు పంపుతున్నదని అతనికే తెలియదు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చిందన్న నమ్మకమే ఇక్కడ ఎర.

ఆ ఫైలును తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే, అది సందేశాలు చదివే అనుమతి అడుగుతుంది. మనం చదవకుండానే సరే అంటాం. అప్పటి నుంచి ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ దొంగకు చేరుతుంది. పత్తి రైతులకు ఇందులో ఒక అదనపు ఇబ్బంది ఉంది: సీసీఐ కేంద్రంలో పత్తి అమ్మడానికి 2025లో కపాస్ కిసాన్ అనే నిజమైన యాప్ తెచ్చి, స్లాట్ అందులోనే బుక్ చేసుకోవాలన్నారు. ప్రభుత్వమే యాప్ వేసుకోమని చెప్పే కాలంలో, దొంగ యాప్‌ను పోల్చుకోవడం రైతుకు కష్టమే. గీత ఒక్కటే గీయగలం: ప్లే స్టోర్‌లో మనంతట మనం వెతికి వేసుకున్నది వేరు, వాట్సాప్‌లో నడిచి వచ్చినది వేరు. రెండోది ఎంత ప్రభుత్వ ముద్ర వేసుకొని వచ్చినా తెరవవద్దు.

ఫోన్‌లో చేయవలసిన మార్పులకు పావుగంట చాలు. సెట్టింగ్స్‌లో తెలియని చోటు నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతిని వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు తీసివేయండి. వాట్సాప్‌లో ఫైళ్లు తమంతట తాము దిగకుండా ఆపండి, టూ స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ పెట్టండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎవరో చెబితే స్టార్, 401, స్టార్ వంటి అంకెలతో ఏదో నంబరుకు డయల్ చేసి ఉంటే, మీ కాల్స్ వేరొకరికి మళ్లుతూ ఉండవచ్చు. హ్యాష్ రెండుసార్లు, 002, మళ్లీ హ్యాష్ కొట్టి డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకొని, మీవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయండి. బజారులో గొడుగు కింద ఉచిత సిమ్ ఇస్తూ రెండుసార్లు ఫొటో దిగమన్నవారు గుర్తున్నారా? రెండో సిమ్ ఎక్కడుందో ఈ పట్టికలో తేలుతుంది.

ఫైలు ఇప్పటికే నొక్కేశామని తెలిస్తే వాదించుకుంటూ కూర్చోవద్దు. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి సిమ్ బయటికి తీయండి. మరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నుంచి డెబిట్‌లు ఆపించండి. గ్రూపులో హెచ్చరిక పెట్టించండి. ఫోన్‌ను పూర్తిగా ఫార్మాట్ చేసిన తర్వాతే సిమ్ తిరిగి వేయండి, ఎందుకంటే ఇటువంటి యాప్‌లు తమ గుర్తును దాచుకుంటాయి కాబట్టి తీసేశామన్న నమ్మకం కుదరదు.

నాలుగో పని: కథను వదిలి, అడిగినదాన్ని పట్టుకోండి

కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి లైన్ కట్ చేస్తామని ఒకడు. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని ఒకడు. ఇంట్లో కూర్చొని వీడియోలకు లైకులు కొడితే రోజుకు రెండు వేలని ఒకడు. ఎవరు ఏ కథ చెప్పినా, చివరికి అడిగేవి నాలుగే: ఇప్పుడే చేయమంటారు, ఎవరికీ చెప్పవద్దంటారు, ఏదో ఒకటి ఫోన్‌లో వేసుకోమంటారు, పిన్ కొట్టమనో ఓటీపీ చెప్పమనో అంటారు. వీటిలో రెండు ఒకే కాల్‌లో కలిసి వస్తే, మూడోదాని కోసం ఎదురుచూడకుండా ఫోన్ పెట్టేయండి. మర్యాదగా ముగించవలసిన పని లేదు. మనవాళ్లకు ఫోన్ మధ్యలో పెట్టేయడం తప్పుగా తోస్తుంది, ఆ మొహమాటం మీదనే ఈ వ్యాపారం సగం నడుస్తున్నది.

పైసలు రావడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. మీరు అమ్మకానికి పెట్టిన పాత మోటారుకు అడ్వాన్సు పంపుతానంటూ, స్కాన్ చేసి పిన్ కొట్టమనేవాడు కొనేవాడు కాడు.

నిజమైన సందేశాన్ని పోల్చుకోవడానికి కొన్ని గుర్తులు ఏర్పడ్డాయి. బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, ప్రచార కాల్స్ 140తో మొదలవుతాయి. సందేశం పంపినవారి పేరు చివర ఇంగ్లిషు పీ ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగియాలని రిజర్వు బ్యాంకు ఆదేశించి, 2025 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చింది. షేర్ల బ్రోకర్లకు పైసలు పంపేటప్పుడు వారి యూపీఐ ఐడీలో వ్యాలిడ్ అనే పదం ఉండేలా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 అక్టోబరు నుంచి ఏర్పాటు చేసింది. వాట్సాప్ గ్రూపులో షేర్ల గురువులు ఇచ్చే ఖాతా ఎవరో పాన్ డబ్బా యజమాని పేరున ఉంటే, యాప్‌లో కనిపిస్తున్న లాభం బొమ్మ మాత్రమే అని తెలుసుకోండి. మొదట రెండు మూడు వేలు వెనక్కి ఇస్తారు. ఆ ఇవ్వడం తర్వాత మీరు పెట్టబోయే లక్షల కోసమే.

డిజిటల్ అరెస్టు గురించి ఒక అనుభవం చెప్పాలి. ఒక మధ్యాహ్నం విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు డిపాజిట్ రద్దు చేయమని వచ్చారు. ఎందుకమ్మా అని అడిగితే ఇంటి పని అన్నారు, చూపు మాత్రం సంచి మీదనే ఉంది. నేను చీటీ మీద "ఫోన్‌లో ఎవరైనా వింటున్నారా?" అని రాసి అద్దం కింది నుంచి జరిపాను. ఆమె తల ఊపారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచిలో ఫోన్ తెరిచే ఉంది, అవతల పోలీసు దుస్తుల్లో ఒకడు నిన్నటి సాయంత్రం నుంచి ఆమెను కాల్ తెంచనివ్వకుండా కూర్చోబెట్టాడు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం మన దేశంలో ఏ చట్టమూ ఏ సంస్థకూ ఇవ్వలేదు. ప్రధానమంత్రే 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ఈ మాట చెప్పారు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. పద్దెనిమిది గంటలు నిద్ర లేకుండా ఒంటరిగా ఉన్న మనిషికి తెలిసిన సంగతులు గుర్తుకు రావు. అందుకే ఒంటరిగా ఉండే పెద్దలకు రోజుకొకసారి ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండడం, ఎన్ని జాగ్రత్తలు చెప్పినా వాటన్నిటికంటే గట్టి కాపలా.

పాలమూరు నుంచి ముంబై, పుణె పోయి కూలి చేసేవారి ఇళ్లకు వేరొక రకం కాల్ వస్తుంది: "నీ కొడుక్కు యాక్సిడెంట్ అయింది, దవాఖానలో ఉన్నడు, జల్ది పైసలు కొట్టు." ఇప్పుడు గొంతును కూడా అనుకరించే సాధనాలు వచ్చాయి. ఇంటిల్లిపాదికీ మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఆపద అని ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ మాట అడగాలి. మా ఇంట్లో అది మా నాయన కాలం నాటి ఎద్దు పేరు. వలస పోయినవారితో పాటు పనిచేసే మేస్త్రీ నంబరు, పక్క గది వారి నంబరు కూడా ఇంట్లో రాసి ఉంచండి, అసలు మనిషి ఫోన్ కలవనప్పుడు అవే దిక్కు.

ఐదో పని: పోయిన తర్వాత మొదటి గంటలో

పోయిన పైసలు ఒకే ఖాతాలో కూర్చోవు. మొదటి ఖాతా నుంచి రెండో దానికి, అక్కడి నుంచి పది చిన్న ఖాతాలకు, చివరికి ఏటీఎంలోకో విదేశానికో పోతాయి. సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930 నంబరుకు మీరు చేసే కాల్ ఆ పరుగు వెంట పడుతుంది: ఫిర్యాదు నమోదు కాగానే అది పైసలు చేరిన బ్యాంకుకు పోతుంది, అక్కడ ఇంకా ఉంటే ఆ మొత్తాన్ని నిలిపివేస్తారు, ముందుకు జరిగి ఉంటే తర్వాతి బ్యాంకుకు పంపుతారు. ఇంటి పెద్దకు ఎలా చెప్పాలా అని మీరు ఆలోచించే సమయమంతా దొంగకు దొరికిన సమయమే.

కాల్ చేసే ముందు ఈ వివరాలు ఒక కాగితం మీద పెట్టుకోండి: మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, ప్రతి లావాదేవీకీ బ్యాంకు సందేశంలో ఉండే రిఫరెన్సు నంబరు (యూపీఐ అయితే 12 అంకెలు), మోసగాడి ఫోన్ నంబరు లేదా యూపీఐ ఐడీ. లైన్ దొరకకపోతే ఆగకుండా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో అవే వివరాలు నింపండి. ఫిర్యాదు నంబరు వస్తుంది, దానిని పోగొట్టుకోవద్దు. ఈలోగా ఇంకొకరు బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఖాతాను ఆపించి, అక్కడా ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. చాట్‌లు, కాల్ జాబితా, ఫొటోలు ఏవీ తుడిచివేయవద్దు. సిగ్గుతో తుడిచివేసినవారి కేసులు ఎలా బలహీనపడతాయో నేను చూశాను.

ఆ తర్వాత పోలీసు స్టేషన్. మోసగాడు ఎక్కడో ఉన్నాడు కాబట్టి ఇది మా పరిధి కాదని ఎవరైనా అంటే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో సంబంధం లేకుండా సమాచారం నమోదు చేయాలని గుర్తు చేయండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో పోయి సంతకం చేయాలి. మరొకరిలా వేషం మార్చి కంప్యూటర్ సాధనాలతో మోసగించడం ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం.

బ్యాంకు బాధ్యత ఎంత అనేది రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడో చోట జరిగిన లోపం వల్ల పైసలు పోయి, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే మీకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే, మామూలు పొదుపు ఖాతాదారుడు గరిష్ఠంగా 10,000 రూపాయలు, ప్రాథమిక పొదుపు ఖాతాదారుడు 5,000 రూపాయలు భరించాలి. ఏడు దాటితే బ్యాంకు సొంత విధానాన్ని బట్టి ఉంటుంది. ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మీదే. తెలియజేసిన తర్వాత కూడా పోతే అది బ్యాంకుది. అంటే తప్పు చేసినవారికి కూడా త్వరగా చెప్పడంలో లాభముంది, ఫిర్యాదు అందిన సమయాన్ని రాయించుకోవడం అందుకే ముఖ్యం. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే, లేదా ఇచ్చినది మీకు సమ్మతం కాకపోతే, ఇటువంటి తగాదాలు తీర్చే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

నిలిపివేసిన పైసలు తమంతట తాము మీ ఖాతాకు తిరిగి రావు. చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వు కావాలి; మన తెలంగాణ రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవాధికార సంస్థతో కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఇటువంటి మొత్తాలను బాధితులకు ఇప్పించే పద్ధతి నడుస్తున్నది. ఎంత నిలిచిందో, ఏ బ్యాంకులో నిలిచిందో స్టేషన్‌లో కనుక్కొని, రానున్న లోక్ అదాలత్ తేదీకి మీ కేసు పెట్టమని అడగండి. అడగనివారి కాగితం కింద పడిపోతుంది. ఇదే సమయంలో, పోయిన పైసలు తెప్పిస్తామని, ముందుగా ఫీజు కట్టమని ఫోన్లు వస్తాయి. ఒకసారి మోసపోయినవారి జాబితా కూడా దొంగల బజారులో అమ్ముడుపోతుంది.

ఆరో పని: ఖాతాను, సిమ్‌ను అద్దెకు ఇవ్వకండి

దొంగల పైసలు పారడానికి కావలసిన చిన్న ఖాతాల్లో కొన్ని మన ఊళ్లవే. పట్నంలో చదివే పిల్లవాడికి ఐదు వేలిచ్చి, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ పట్టుకుపోతారు. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారుడి ఇంటికే, ఆ ఐదు వేలతో వకీలు ఫీజు కూడా కట్టలేరు. పిల్లలకు ఈ సంగతి కాలేజీలో చేర్చే రోజునే చెప్పండి. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పోయి, మయన్మార్‌లో ఇటువంటి మోసాలే చేయించే ప్రాంగణాల్లో చిక్కుకున్నవారిలో తెలుగు యువకులూ ఉన్నారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాల్లో వందల మందిని వెనక్కి తెచ్చారు. విదేశీ ఉద్యోగం చూపే ఏజెంటు పేరు కేంద్రం ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడనిదే పాస్‌పోర్టు ఇవ్వకండి.

చిన్న వ్యాపారులకు ఒక మాట. ఎవరో దొంగిలించిన పైసలతో మీ దగ్గర సరుకు కొంటే, ఆ మొత్తం మీ ఖాతాలో నిలిచిపోవచ్చు. బిల్లు పుస్తకం, సరుకు ఇచ్చిన రుజువు చూపిస్తేనే అది త్వరగా విడుదలవుతుంది కాబట్టి, పెద్ద మొత్తాలకు బిల్లు లేకుండా అమ్మవద్దు.

ఏడో పని: బీరువా తలుపు వెనుక ఒక కాగితం

ఆపద వేళ ఫోన్‌లోనే అన్నీ దాచుకున్నవారికి ఆ ఫోనే చేతిలో ఉండదు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో 1930, పాస్‌బుక్కు మీద ముద్రించిన బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు, మీ శాఖ నంబరు, పట్నంలో ఉండే కొడుకుదో కూతురిదో నంబరు, ప్రతి ఖాతా నంబరు చివరి నాలుగంకెలు, ఏ ఖాతాకు ఏ సిమ్ కలిసి ఉందో రాయండి. గూగుల్‌లో వెతికి కస్టమర్ కేర్ నంబరు తీసుకోవద్దు, అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు ముందు కనిపించే ప్రమాదం ఉంది. కాగితాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించి, ఇంట్లో ప్రతి ఒక్కరికీ చూపించండి. పిన్ నంబర్లు, గుర్తు మాట మాత్రం దానిమీద రాయకండి.